మీ ఫోన్‌లో నడిచే యాప్ వేరు, ప్లే స్టోర్ నుంచి దిగే యాప్ వేరు

"నా ఫోన్‌లో బాగానే నడుస్తోందే" అంటాడు డెవలపర్. "మా ఫోన్‌లో నడవట్లేదండీ" అంటారు వాడేవాళ్ళు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ నొక్కితే ఫోన్‌లోకి వెళ్ళేది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతుక్కోవడానికి చేసుకునే కూర్పు. ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే దిగేది అదే కోడ్‌కు పుట్టిన ఇంకో బిడ్డ. మధ్యలో కోడ్ కుదించుకుపోతుంది, సంతకం మారుతుంది, ఫైలు ముక్కలవుతుంది, ఆ ముక్కల్లో కొన్ని ఫోన్‌కు రానే రావు. టెస్టింగ్ అంతా మొదటి బిడ్డ మీద చేసి, రెండో బిడ్డను జనానికి అప్పగిస్తే రివ్యూల్లో ఒక్క చుక్క పడటం ఖాయం.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఊళ్ళో పాల సేకరణ కేంద్రానికి ఒక యాప్. రైతు పేరు ఎంచుకుని లీటర్లు, వెన్న శాతం కొడితే రేటు లెక్కగట్టి పద్దు రాసుకుంటుంది. మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషలు, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. నాలుగైదు స్క్రీన్ల చిన్న యాప్. కింద చెప్పే తప్పుల్లో దాదాపు అన్నిటికీ దీంట్లో చోటుంది.

తెలుగు ఎక్కడికి పోయింది?

2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్ కొత్త యాప్‌లను ఏపీకేగా, అంటే ఫోన్‌లో నేరుగా ఎక్కే ఫైలుగా, తీసుకోవడం మానేసింది. ఏఏబీ, అంటే యాప్ బండిల్, ఇవ్వాలి. బండిల్ ఏ ఫోన్‌లోనూ నేరుగా ఎక్కదు. ప్లే దాన్ని విప్పి ఒక బేస్ ఏపీకే, దానికి తోడు ప్రాసెసర్ రకాన్ని బట్టి ఒక ముక్క, స్క్రీన్ డెన్సిటీని బట్టి ఒక ముక్క, భాషను బట్టి ఒక ముక్క తయారుచేస్తుంది. ఎవరి ఫోన్‌కు ఏవి కావాలో అవే పంపుతుంది. డౌన్‌లోడ్ సైజు తగ్గడానికి మంచి ఏర్పాటే.

చిక్కంతా భాష ముక్క దగ్గరే. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ భాషలు పెట్టుకున్నారో ఆ ముక్కలే వస్తాయి. మన దగ్గరేమో ఫోన్‌ను ఇంగ్లిష్‌లో ఉంచుకుని యాప్ మాత్రం తెలుగులో కావాలనుకునేవాళ్ళు కొల్లలు. మన పాల యాప్‌లో ఇంగ్లిష్ మాటలు వాల్యూస్ ఫోల్డర్లో, తెలుగు మాటలు వాల్యూస్-టీఈ ఫోల్డర్లో ఉన్నాయనుకోండి. ఇంగ్లిష్‌లో ఉన్న ఫోన్‌కు తెలుగు ముక్క రాదు. యాప్‌లో "తెలుగు" అని నొక్కితే స్క్రీన్ ఒక్కసారి రెపరెపలాడి మళ్ళీ ఇంగ్లిష్‌లోనే నిలబడుతుంది. క్రాష్ లేదు, లాగ్‌లో ఎర్ర గీత లేదు. అడిగిన భాష దొరక్కపోతే డిఫాల్ట్ మాటలు చూపించడం ఆండ్రాయిడ్ నియమం కాబట్టి సిస్టమ్ లెక్కలో అసలు తప్పే జరగలేదు. డెవలపర్ ఫోన్‌లో ఉన్న డీబగ్ ఏపీకేలో అన్ని భాషలూ ఒకే మూటలో ఉంటాయి. అక్కడ వందసార్లు నొక్కినా తెలుగే వస్తుంది.

మందు చిన్నదే. బిల్డ్ నియమాలు రాసే యాప్ మాడ్యూల్ గ్రేడిల్ ఫైల్లో ఆండ్రాయిడ్ బ్లాకు లోపల బండిల్ బ్లాకు, దాని లోపల లాంగ్వేజ్ బ్లాకు తెరిచి, ఎనేబుల్ స్ప్లిట్‌కు ఫాల్స్ ఇవ్వాలి. అప్పుడు భాషలన్నీ బేస్‌లోనే ఉండిపోతాయి. రెండు భాషల మాటలకు పెరిగే సైజు లెక్కలోకి రాదు. వాడేవాళ్ళు భాష మార్చినప్పుడే ఆ ముక్కను ప్లే నుంచి తెప్పించుకునే లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన సిద్ధ కోడ్) ఒకటుంది కానీ, దానికి ఆ క్షణంలో నెట్ ఉండాలి. తెల్లారగట్ల ఐదున్నరకు క్యాన్లతో జనం వరసలో నిలబడిన చోట అది పెట్టుకునే పని కాదు. తెలుగునే డిఫాల్ట్ వాల్యూస్ ఫోల్డర్లో పెట్టేయడం ఇంకో ఉపాయం. డిఫాల్ట్ మాటలు ఎప్పుడూ బేస్‌లోనే ఉంటాయి. కానీ మీరు వాడుకునే లైబ్రరీల తెలుగు మాటలు, తేదీ ఎంచుకునే డబ్బాలో నెలల పక్కన కనిపించే "సరే", "రద్దు చేయి" లాంటివి, అప్పటికీ ముక్కలోనే ఉండిపోతాయి. సగం తెలుగు, సగం ఇంగ్లిష్ స్క్రీన్లు ఇలా పుట్టినవే.

దీన్ని అప్‌లోడ్‌కు ముందే పట్టుకోవచ్చు. బండిల్‌టూల్ అని గూగుల్ ఇచ్చే చిన్న జావా ప్రోగ్రామ్ ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి, బిల్డ్-ఏపీకేస్ ఆదేశానికి కనెక్టెడ్-డివైస్ అని తోక తగిలిస్తే, ఆ ఫోన్‌కు ప్లే ఏ ముక్కలు పంపుతుందో సరిగ్గా అవే తయారవుతాయి. తర్వాత ఇన్‌స్టాల్-ఏపీకేస్ ఆదేశంతో ఎక్కించాలి. ఫోన్ భాషల జాబితాలో ఇంగ్లిష్ ఒక్కటే ఉంచి ఈ పరీక్ష చేయాలి. తెలుగు కూడా జాబితాలో ఉంటే ఆ ముక్క వచ్చేస్తుంది, తప్పు దాక్కుంటుంది.

సంతకం ఎవరిది?

యాప్ ఎవరిదో చెప్పే డిజిటల్ ముద్రే సంతకం, ఆ ముద్ర వేసే రహస్య సాధనం కీ. ఒకే యాప్‌కు మూడు నాలుగు సంతకాలు ఉంటాయన్న సంగతి మొదటి రిలీజ్ దాకా చాలామందికి తట్టదు. స్టూడియో డీబగ్ కీతో సంతకం పెడుతుంది. అది ఒక్కో కంప్యూటర్లో ఒక్కోటి పుడుతుంది. డెవలపర్లు యాప్‌లు పెట్టే ప్లే కన్సోల్‌కు పంపే బండిల్ మీద మీ అప్‌లోడ్ కీ సంతకం ఉంటుంది. గూగుల్ ఆ సంతకం చూసి "ఇది వీళ్ళు పంపిందే" అని నిర్ధారించుకుని, జనానికి పంపే ఏపీకేల మీద తన దగ్గరున్న యాప్ సైనింగ్ కీతో సంతకం పెడుతుంది. ఇంటర్నల్ యాప్ షేరింగ్ లింకుతో పంపితే దానికి ఇంకో కీ.

ఈ సంతకం మీద ఆధారపడే సేవలన్నీ రిలీజ్ రోజున మొండికేస్తాయి. గూగుల్ సైన్-ఇన్ అయితే 10 అనే ఎర్రర్ కోడ్ ఇచ్చి ఊరుకుంటుంది. మ్యాప్ అయితే మూలన గూగుల్ లోగో కనిపిస్తుంది, మిగతాదంతా బూడిదరంగు గళ్ళు. కారణం ఒకటే: ఆ సేవల దగ్గర మీరు నమోదు చేసింది డీబగ్ కీ షా-1 వేలిముద్ర (కీని గుర్తుపట్టే పొట్టి సంకేతం), ఫోన్‌లో ఉన్నది యాప్ సైనింగ్ కీ వేలిముద్ర. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీకి వెళ్తే రెండు సర్టిఫికెట్ల వేలిముద్రలూ కనిపిస్తాయి. యాప్ సైనింగ్ కీ షా-1, షా-256 రెండూ తీసుకెళ్ళి గూగుల్ సేవలైన ఫైర్‌బేస్‌లోనూ, క్లౌడ్ కన్సోల్‌లో మ్యాప్స్ కీ ఆంక్షల్లోనూ చేర్చాలి. డీబగ్‌వి తీసేయకండి. పక్కన ఉండనివ్వండి.

మన దేశంలో ఓటీపీతో ఇది ఇంకాస్త ముదురుతుంది. మెసేజ్‌లు చదివే అనుమతిని ప్లే స్టోర్ 2019 నుంచి మామూలు యాప్‌లకు ఇవ్వడం లేదు కాబట్టి ఓటీపీ తనంతట తాను పడాలంటే గూగుల్ ఇచ్చే ఎస్ఎంఎస్ రిట్రీవర్ వాడుకోవాలి. అది పనిచేయాలంటే మెసేజ్ 140 బైట్లు దాటకూడదు, దాంట్లో 11 అక్షరాల హాష్, అంటే యాప్‌ను గుర్తుపట్టే సంకేతం, ఉండాలి. ఆ హాష్‌ను ప్యాకేజీ పేరు, సంతకం సర్టిఫికెట్ రెండూ కలిపి లెక్కగడతారు. సంతకం మారితే హాష్ మారుతుంది. మెసేజ్ వస్తుంది, ఫోన్ మోగుతుంది, యాప్‌లో గడులు మాత్రం ఖాళీగా చూస్తుంటాయి.

సర్వర్‌లో హాష్ మార్చేస్తే సరిపోతుందా అంటే, ఇక్కడ అంత సులువు కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఓటీపీ మెసేజ్ మూస డీఎల్‌టీ అనే ఆపరేటర్ల నమోదు వేదికలో ముందే నమోదై ఉండాలి. పంపిన మెసేజ్ ఆ మూసతో కలవకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. హాష్‌ను మూసలో మారని భాగంగా రాయించి ఉంటే, కొత్త హాష్‌కు కొత్త మూస పెట్టి మళ్ళీ ఆమోదం కోసం ఎదురుచూడాలి. అందుకే ఈ పని వరస తిప్పి చేయడం మేలు. మొదట ప్లే కన్సోల్‌లో యాప్ సృష్టించి, లాగిన్ స్క్రీన్ ఒక్కటే ఉన్నా సరే, ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో ఒక బండిల్ పెట్టండి. ఆ ట్రాక్ నుంచి దిగిన యాప్ మీద అసలు సంతకమే ఉంటుంది. హాష్ లెక్కగట్టే నాలుగు లైన్ల కోడ్ దాంట్లో పెట్టి స్క్రీన్ మీదే చూపించండి. ఆ 11 అక్షరాలు రాసుకున్నాకే డీఎల్‌టీ మూసకు దరఖాస్తు చేయండి. ఇంటర్నల్ యాప్ షేరింగ్ లింకుతో చూసిన హాష్ దీనికి పనికిరాదు, అక్కడ సంతకం వేరు.

కీ పోగొట్టుకోవడం గురించి రెండు ముక్కలు. అప్‌లోడ్ కీ పోతే ప్రాణాపాయం లేదు: అకౌంట్ యజమాని ప్లే కన్సోల్ నుంచి రీసెట్ అడిగి కొత్త కీ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ప్లే యాప్ సైనింగ్‌లో చేరని పాత యాప్ కీ పోతే మాత్రం ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ లేనట్టే. కొత్త ప్యాకేజీ పేరుతో మొదటి నుంచి రావాల్సిందే. కీస్టోర్ ఫైలు (కీ ఉండే ఫైలు), ఏలియాస్ (దాంట్లో కీ పేరు), రెండు పాస్‌వర్డులు, ఈ నాలుగూ కలిపి రెండు వేర్వేరు చోట్ల దాచండి. కోడ్ దాచుకునే గిట్‌లో మాత్రం వద్దు.

వెన్న శాతం 0.0

రిలీజ్ బిల్డ్‌లో, అంటే జనానికి పంపే కూర్పులో, మినిఫై ఆన్ చేయగానే కోడ్‌ను కుదించే ఆర్8 రంగంలోకి దిగుతుంది. ఎవరూ పిలవని కోడ్‌ను కోసేస్తుంది, మిగిలిన క్లాసులకు, వేరియబుళ్ళకు ఏ, బీ, సీ అని పొట్టి పేర్లు పెడుతుంది. జీసన్ లాంటి లైబ్రరీ మాత్రం సర్వర్ నుంచి వచ్చిన జేసన్ డేటాలోని పేర్లను క్లాసులోని పేర్లతో పోల్చి విలువలు నింపుతుంది. సర్వర్ "ఫ్యాట్" అని పంపింది. క్లాసులో ఆ పేరు ఇప్పుడు "బీ". పోలిక కుదరలేదు, విలువ నిండలేదు, స్క్రీన్ మీద వెన్న శాతం 0.0. దాంతో రేటూ సున్నాయే. ఇదీ క్రాష్ కాదు. ఆర్8 తప్పుల్లో మెలిక అదే: కొన్ని ఢామ్మని పేలతాయి, అవి నయం, కొన్ని నోరుమూసుకుని తప్పు లెక్కలు రాస్తాయి.

ప్రతి ఫీల్డ్‌కూ సీరియలైజ్డ్ నేమ్ అని గుర్తు తగిలిస్తే పేరు మారినా పోలిక చెడదు. కోట్లిన్ వాడేవాళ్ళు జీసన్‌ను వదిలి కోట్లిన్ఎక్స్ సీరియలైజేషన్‌కు మారడం ఇంకా మంచిది; అది రన్‌టైమ్‌లో పేర్లు వెతకదు, కంపైల్ అయ్యేటప్పుడే కోడ్ రాసిపెట్టుకుంటుంది. మొత్తం ప్యాకేజీని, ముట్టుకోవద్దని ఆర్8కు చెప్పే కీప్ నియమంతో కప్పేయడం కూడా పనిచేస్తుంది కానీ, అలా అన్నీ కప్పుకుంటూ పోతే ఆర్8 పెట్టుకున్న ఫలితం ఉండదు. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి ఆర్8 ఫుల్ మోడ్ డిఫాల్ట్ అయింది. కోతలు ముందుకంటే గట్టిగా ఉంటాయి. పాత ప్రాజెక్టును 7 నుంచి 8కి తెచ్చినవాళ్ళు కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా రిలీజ్ బిల్డ్‌ను మొదటి నుంచి మళ్ళీ పరీక్షించాలి.

ఫ్లట్టర్ అనే టూల్‌కిట్‌తో యాప్‌లు చేసేవాళ్ళకు ఇదే కోవలో ఇంకోటుంది. కొత్త ప్రాజెక్టులో ఇంటర్నెట్ అనుమతి డీబగ్, ప్రొఫైల్ మానిఫెస్టుల్లోనే (యాప్‌కు కావాల్సిన అనుమతులు రాసే ఫైళ్ళు) ఉంటుంది, మెయిన్‌లో ఉండదు. డీబగ్‌లో సర్వర్‌తో చక్కగా మాట్లాడిన యాప్, రిలీజ్‌లో నెట్ లేదంటుంది. ఒక్క లైను చేర్చితే పోతుంది. ఆ లైను తట్టేదాకా సర్వర్ వాళ్ళను తిట్టడమే మిగులుతుంది.

అన్‌ఇన్‌స్టాల్ చేస్తే టెస్ట్ చేసినట్టు కాదు

ప్లే స్టోర్ నుంచి దిగిన యాప్ ఫోన్‌లో ఉండగా స్టూడియో నుంచి రన్ నొక్కితే సంతకాలు కలవవని ఇన్‌స్టాల్ ఆగుతుంది. "పాతది తీసేయనా?" అని అడుగుతుంది. తీసేయమంటాం. అక్కడే అసలు పరీక్ష జారిపోతుంది. జనం పాతది తీసి కొత్తది వేసుకోరు, పాతదాని మీదే అప్‌డేట్ వేసుకుంటారు.

పాల యాప్ రెండో వెర్షన్‌లో పద్దుల టేబుల్‌కు "పూట" అని ఒక కాలమ్ చేర్చారనుకోండి, ఉదయం పాలా సాయంత్రం పాలా తెలియడానికి. ఫోన్‌లో పద్దులు దాచే రూమ్ డేటాబేస్ వెర్షన్ 1 నుంచి 2 చేశారు, పాత డేటాను కొత్త రూపంలోకి తెచ్చే మైగ్రేషన్ రాయడం మరిచారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఫోన్లలో అంతా సాఫీ. పాతవాళ్ళ ఫోన్‌లో అప్‌డేట్ పడి, డేటాబేస్ తెరిచీ తెరవగానే క్రాష్. ఈ క్రాష్ పోవడానికి కొందరు ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ అని ఒక లైను రాస్తారు. క్రాష్ పోతుంది నిజమే, పద్దులూ పోతాయి. ఆ లైను పేరులోనే "డిస్ట్రక్టివ్" అని రాసి ఉంది. పక్షం రోజుల పాల లెక్క మాయమైతే కేంద్రం దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

దీన్ని పరీక్షించే దారి ఇది: ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్‌ను ప్లే నుంచే దించుకోండి, పది పద్దులు రాయండి, ఆ తర్వాత ఇంటర్నల్ టెస్టింగ్‌లో చేరి ప్లే స్టోర్‌లో అప్‌డేట్ నొక్కండి. వెనకటి వెర్షన్ ఒక్కటి చాలదు, రెండు మూడు వెర్షన్ల వెనక నుంచి కూడా దూకించి చూడాలి. ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్‌ను వైఫైకే కట్టిపెట్టి, మొబైల్ డేటా మీదే బతికే ఫోన్లలో యాప్‌లు నెలల తరబడి పాతవే ఉంటాయి. సర్వర్ ఏపీఐని, అంటే యాప్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతిని, మార్చేటప్పుడూ ఇది గుర్తుండాలి.

అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేస్తే అంతా శుభ్రంగా మొదలవుతుందనుకోవడం కూడా పొరపాటే. ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ ఒక్కో యాప్‌కు 25 ఎంబీ దాకా డేటాను డ్రైవ్‌లో దాస్తుంది, మళ్ళీ ఇన్‌స్టాల్ అయినప్పుడు తెచ్చి పెడుతుంది. లాగిన్ టోకెన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ప్రిఫరెన్సుల్లో దాచారనుకోండి. ఫైలు తిరిగొస్తుంది, దాన్ని విప్పే తాళంచెవి ఫోన్ కీస్టోర్‌లోది, అది తిరిగి రాదు. తాళం విప్పలేక యాప్ తెరవగానే పడిపోతుంది. వాడేవాళ్ళు మళ్ళీ తీసి వేస్తారు, మళ్ళీ అదే ఫైలు వస్తుంది. బ్యాకప్ నియమాల్లోంచి ఆ ఫైలును తప్పించాలి: ఆండ్రాయిడ్ 12 నుంచి డేటా ఎక్స్‌ట్రాక్షన్ రూల్స్ ఫైల్లో, 11 వరకూ ఫుల్ బ్యాకప్ కంటెంట్ ఫైల్లో. రెండిట్లోనూ రాయాలి.

ఏ ఫోన్ మీద చూడాలి?

ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి ఫోన్, మీ ల్యాప్‌టాప్ ర్యామ్ తిని బతుకుతుంది, దాని మాట నమ్మొద్దు. 2 లేదా 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఒకటి టేబుల్ మీద ఉండాలి. అలాంటి ఫోన్‌లో వాడేవారు ఓటీపీ చూసుకోవడానికి మెసేజ్‌ల యాప్‌కు వెళ్ళి వచ్చేలోపు సిస్టమ్ మన యాప్‌ను చంపేసి ఉండొచ్చు. తిరిగి రాగానే మళ్ళీ "మొబైల్ నంబరు ఇవ్వండి" స్క్రీనే. వాళ్ళు ఇంకో ఓటీపీ తెప్పించుకుంటారు, మళ్ళీ అదే. ఏ దశలో ఉన్నామో, ఏ నంబరు ఇచ్చారో సేవ్డ్ స్టేట్‌లో దాచితే ఈ గొడవ ఉండదు. మంచి ఫోన్‌లో ఈ పరిస్థితి తెప్పించడానికి డెవలపర్ ఆప్షన్లలో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఉంది. కానీ అది స్క్రీన్‌ను మాత్రమే చంపుతుంది, ప్రాసెస్‌ను కాదు. హోమ్ నొక్కి, కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే సాధనంతో ఏఎమ్ కిల్ ఆదేశం ఇచ్చి, రీసెంట్స్‌లోంచి తిరిగి తెరవడమే సరైన పరీక్ష.

తెలుగు అక్షరాల సంగతి వేరే చూడాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపెట్టి బటన్ ఎత్తు ఇంత అని బిగించేస్తే, పైన గుడి, కింద ఒత్తు రెండూ ఉన్న మాటల దగ్గర తెగుతుంది. "స్త్రీ", "లక్ష్మి", "పూర్తి" అన్న మూడు మాటలను ప్రతి బటన్‌లోనూ, ప్రతి గడిలోనూ పెట్టి, ఫోన్ ఫాంట్ సైజును చివరిదాకా పెంచి చూడండి. పోయిన ఒత్తులన్నీ అక్కడే దొరుకుతాయి. ఎత్తును బిగించకుండా, కనీస ఎత్తు ఇచ్చి వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పేరులో మొదటి అక్షరాన్ని గుండ్రని బొమ్మలో చూపించే అలవాటు ఇంకోటి. "స్త్రీ" మనకు ఒక అక్షరం, యూనికోడ్‌కు ఆరు. మొదటిదాన్ని మాత్రం కత్తిరిస్తే "శ్రీనివాస్" బొమ్మలో "శ" మిగులుతుంది. బ్రేక్ ఇటరేటర్‌తో మొదటి అక్షరం ఎక్కడ ముగుస్తుందో అడిగి కత్తిరించాలి. దాని ఫలితాన్ని ఆండ్రాయిడ్ పాత వెర్షన్లలోనూ చూసుకోవాలి, సంయుక్తాక్షరాన్ని అన్నీ ఒకేలా విడదీయవు.

టార్గెట్ ఏపీఐ, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం తయారైందో చెప్పే అంకె, పెంచినప్పుడల్లా స్క్రీన్లన్నీ ఒకసారి తిరిగి చూడండి. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్లు ఏపీఐ 35ను, అంటే ఆండ్రాయిడ్ 15ను, టార్గెట్ చేయాలి. అలా చేయగానే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో యాప్ స్క్రీన్ అంచు నుంచి అంచుకు పరుచుకుంటుంది. అడుగున ఉన్న "సేవ్" బటన్ వెళ్ళి మూడు బటన్ల నావిగేషన్ పట్టీ కింద దూరుతుంది. జెస్చర్లతో తిప్పే డెవలపర్ ఫోన్‌లో ఇది అంతగా తెలియదు. సీ++ లైబ్రరీలు ఉన్న యాప్‌లకు 2025 నవంబరు 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీ సైజు నిబంధన కూడా తోడైంది. మీరు సీ++ రాయకపోయినా మీరు తెచ్చుకున్న లైబ్రరీ రాసి ఉండొచ్చు; స్టూడియోలోని ఏపీకే ఎనలైజర్‌లో బండిల్‌ను తెరిస్తే ఏది కుదరలేదో చూపిస్తుంది.

పన్నెండు మంది, పద్నాలుగు రోజులు

ప్లే కన్సోల్ అకౌంట్‌కు ఒకేసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు ఒక అడ్డంకి ఉంది: మీరు పిలిచినవాళ్ళకే తెరిచే క్లోజ్డ్ టెస్ట్‌లో కనీసం 12 మంది వరసగా 14 రోజులు చేరి ఉండాలి, ఆ తర్వాతే ప్రొడక్షన్‌కు దరఖాస్తు. మొదట్లో ఈ సంఖ్య 20, 2024 డిసెంబరులో తగ్గించారు. సంస్థ పేరుతో తెరిచిన అకౌంట్లకు ఇది లేదు, బదులుగా డన్స్ నంబరు (సంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి.

పన్నెండు మందినే లెక్కపెట్టి పిలవకండి, పదహారు మందిని పిలవండి. ఒకరు ఫోన్ మారుస్తారు, ఒకరు పొరపాటున టెస్ట్ నుంచి బయటికి వస్తారు, సంఖ్య తగ్గితే రోజుల లెక్క చెడుతుంది. అందరికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు: "అన్నా, లింకు నొక్కితే యాప్ దొరకలేదంటోంది." నూటికి తొంభై పాళ్ళు కారణం అకౌంట్. ఫోన్‌లో రెండు మూడు జీమెయిళ్ళు ఉంటాయి, మీరు జాబితాలో చేర్చింది ఒకటి, బ్రౌజర్ తెరిచింది ఇంకోదానితో, ప్లే స్టోర్ ఉన్నది మూడోదానిలో. మూడు చోట్లా ఒకే మెయిల్ ఉండాలి. లింకు పంపేటప్పుడే "ప్లే స్టోర్‌లో కుడివైపు పైన బొమ్మ నొక్కి ఏ మెయిల్ ఉందో అదే నాకు పంపు" అని రాస్తే సగం ఫోన్ కాల్స్ తప్పుతాయి.

డబ్బులు తీసుకుని టెస్టర్లను సమకూర్చేవాళ్ళు ఉన్నారు. దండగ అని నా అభిప్రాయం. ప్రొడక్షన్ దరఖాస్తులో టెస్టర్లు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, దాన్ని బట్టి ఏం మార్చారు అని అడుగుతారు. ఇన్‌స్టాల్ చేసి వదిలేసిన పన్నెండు మందితో ఆ ప్రశ్నలకు జవాబు పుట్టదు. పాల కేంద్రంలో రోజూ లెక్క రాసే ఇద్దరు, వాళ్ళ బంధువుల్లో పదిమంది అయినా నిజంగా వాడితే మేలు.

ఏపీకేను వాట్సాప్‌లో పంపి టెస్ట్ చేయించే అలవాటు మానుకోవాలి. చలాన్ కట్టమని, పథకం డబ్బులొచ్చాయని ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మన ఊళ్ళలోనే ఎన్నో. మీ టెస్టర్లకు "తెలియని చోటు నుంచి ఇన్‌స్టాల్ చేయొచ్చు" అనే మీట మీరే నొక్కించడం మంచిది కాదు. పైగా ఆ ఏపీకే మీద ప్లే సంతకం ఉండదు, ముక్కలు ఉండవు. పరీక్షించాల్సినవే దాంట్లో లేవు. ఇంటర్నల్ టెస్టింగ్‌లో 100 మంది దాకా చేర్చుకోవచ్చు, కొత్త బిల్డ్ చాలా త్వరగా అందుతుంది.

రివ్యూ, ఆ తర్వాత

ఓటీపీ లాగిన్ ఉన్న యాప్‌లు రివ్యూలో తిరిగి రావడానికి పెద్ద కారణం, రివ్యూ చేసేవారికి మన ఓటీపీ అందకపోవడం. యాప్ యాక్సెస్ విభాగంలో ఒక పరీక్ష నంబరు, దానికి ఎప్పుడూ మారని ఓటీపీ రాసి ఇవ్వాలి. ఫైర్‌బేస్ ఫోన్ లాగిన్ వాడితే ఇలాంటి పరీక్ష నంబర్లు అక్కడే పెట్టుకోవచ్చు. సొంత సర్వర్ అయితే ఆ ఒక్క నంబరుకు ఒక మినహాయింపు రాయండి, ఆ ఖాతాలో నకిలీ రైతుల పేర్లు, నకిలీ పద్దులు మాత్రమే ఉంచండి. ఖాళీ స్క్రీన్ కనిపిస్తే యాప్ పనిచేయట్లేదనుకుంటారు.

వెర్షన్ కోడ్ దగ్గర ఒక చిన్న గొయ్యి ఉంది. ప్రతి అప్‌లోడ్‌కూ అది పెరగాలి, 210 కోట్లు దాటకూడదు. తేదీ, గంట, నిమిషం కలిపి సంఖ్య చేద్దామని 2507141230 లాంటిది రాస్తే పరిమితి దాటినట్టే. దాటకుండా దాని దగ్గరికి వచ్చినా కష్టమే, ఒకసారి ఎక్కిన మెట్టు దిగడానికి ఉండదు. 1, 2, 3 అని పోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఐఫోన్ సంగతి క్లుప్తంగా. ఏడాదికి 99 డాలర్లు, బిల్డ్‌కు మ్యాక్. ఆపిల్ టెస్టింగ్ సేవ టెస్ట్‌ఫ్లైట్‌లో బయటివాళ్ళు 10,000 మంది దాకా, ఒక్కో బిల్డ్ 90 రోజులు బతుకుతుంది. అక్కడా ఇదే కథ ఇంకో వేషంలో: యాప్‌లు తయారుచేసే ఆపిల్ ఎక్స్‌కోడ్ నుంచి నేరుగా ఎక్కించిన యాప్‌కు పుష్ నోటిఫికేషన్లు శాండ్‌బాక్స్ సర్వర్ నుంచి వస్తాయి, టెస్ట్‌ఫ్లైట్, యాప్ స్టోర్ యాప్‌లకు ప్రొడక్షన్ సర్వర్ నుంచి. సర్వర్‌లో ఆ చిరునామా మార్చకపోతే రిలీజ్ రోజున ఒక్క నోటిఫికేషనూ మోగదు.

ప్లే స్టోర్‌లో మొదటి రిలీజ్ అందరికీ ఒకేసారి వెళ్తుంది. ఆ తర్వాతి అప్‌డేట్లను మాత్రం శాతాల్లో వదలొచ్చు. 5 శాతంతో మొదలుపెట్టి రెండు రోజులు ఆగండి. ఫోన్లు ఎక్కువగా ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడే అప్‌డేట్ అవుతాయి కాబట్టి మొదటి రోజు అంకెలు ఏమీ చెప్పవు. ప్లే కన్సోల్‌లోని ఆండ్రాయిడ్ వైటల్స్‌లో వాడేవారికి కనబడే క్రాష్‌ల రేటు 1.09 శాతం, యాప్ బిగుసుకుపోయే ఏఎన్ఆర్ రేటు 0.47 శాతం దాటితే స్టోర్‌లో యాప్ కనబడటమే తగ్గుతుంది. ఏదో ఒక ఫోన్ మోడల్లో 8 శాతం దాటితే ఆ మోడల్ వాళ్ళకు పేజీలో హెచ్చరిక కూడా కనిపించవచ్చు. మొత్తం సగటు బాగుందని వదిలేయకుండా మోడళ్ళ వారీగా విడదీసి చూడాలి.

5 శాతం దగ్గర క్రాష్‌లు పెరిగాయనుకోండి. రోలవుట్ ఆపేయండి. ఆపితే కొత్తవాళ్ళకు వెళ్ళదు, అప్పటికే తీసుకున్నవాళ్ళ ఫోన్‌లో చెడ్డ వెర్షనే ఉంటుంది. వెనక్కి లాగే మీట లేదు. వెర్షన్ 14 చెడితే 13ను మళ్ళీ పంపలేరు. 13 కోడ్‌నే తీసి 15 అని పేరు పెట్టి పంపాలి. 14లో డేటాబేస్ వెర్షన్ పెంచి ఉంటే ఆ పని కూడా ఉత్తగా కుదరదు: 15లోని పాత కోడ్‌కు కొత్త డేటాబేస్ కనబడి మళ్ళీ క్రాష్. అప్పుడు 14లోని డేటాబేస్ మార్పును అలాగే ఉంచి, చెడ్డ భాగాన్ని మాత్రం పీకి 15 చేయాలి. డేటాబేస్ మార్పును, కొత్త ఫీచర్‌ను ఒకే రిలీజ్‌లో కలపొద్దనేది ఇందుకే. ముందు 14లో ఖాళీ "పూట" కాలమ్ ఒక్కటే పంపండి. అది అందరి ఫోన్లలో కుదురుకున్నాక 15లో దాన్ని నింపే స్క్రీన్ పంపండి.